ముల్లంగి వేయడం ఎలా, పూతకొస్తే ఏం చేయాలి: నెల్లూరు, ప్రకాశం పెరళ్ళకు పనికొచ్చే పద్ధతి

పెరట్లో ముల్లంగి వేసినవాళ్ళ దగ్గర్నుంచి ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఇది: "ఆకు ఏపుగా ఉంది, గడ్డ మాత్రం ఊరలేదు. మధ్యలోంచి కాడ లేచి పూత కూడా పూసేసింది." దీనికి సగం జవాబు విత్తనం వేసిన తేదీలోనే ఉంటుంది. మిగతా సగం, పూత కనిపించాక మీరు ఆ మొక్కను గడ్డ కోసం చూస్తున్నారా, కాయ కోసమా, విత్తనం కోసమా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఎందుకంటే ఒకే మొక్క నుంచి ఈ మూడూ రావు. అందుకే విత్తడం దగ్గర్నుంచి వరసగా చెబుతాను.

ఎప్పుడు వేయాలి

ముల్లంగి సెప్టెంబరు, అక్టోబరుల్లో వేయాలని చాలా చోట్ల చెబుతుంటారు. అది మిగతా జిల్లాలకు సరిపోయే మాట. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల మీదే, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలోనే పడుతుంది. దసరాకు చదును మడిలో విత్తనం చల్లితే, మొలక లేచే సమయానికి వాయుగుండం వచ్చి అంతా ఊడ్చుకుపోతుంది. 2021 నవంబరు పెన్నా వరదను, 2023 డిసెంబరు మొదటి వారంలో వచ్చిన మిచౌంగ్ తుఫానును చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి కోస్తా వైపు, అంటే కావలి, అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, ఒంగోలు చుట్టుపక్కల ఉన్నవాళ్ళు కార్తీకం సగం దాటాక మొదలుపెట్టండి. నవంబరు మధ్య నుంచి డిసెంబరు చివరి దాకా వేసిన ముల్లంగి బాగా వస్తుంది. కనిగిరి, పొదిలి, మార్కాపురం, గిద్దలూరు వైపు వాన తక్కువ, రాత్రిళ్ళు చలి కాస్త ఎక్కువ. అక్కడివాళ్ళు అక్టోబరులోనే వేసుకోవచ్చు, కాకపోతే మట్టిని గట్టులా ఎగదోసి బోదె ఎత్తుగా కట్టుకోవాలి.

తర్వాతి వైపు హద్దు సంక్రాంతి. పండగ దాటాక గడ్డ కోసం తెల్ల ముల్లంగి వేయకండి. ఫిబ్రవరి ఎండ తగిలితే గడ్డ ఘాటెక్కుతుంది, పీచు పడుతుంది, పూత తొందరపడుతుంది.

ఇంకొక మాట. ముల్లంగి వంకాయలా చెట్టు మీద ఆగి మన తీరిక కోసం ఎదురుచూసే కూర కాదు, ఊరాక మడిలో వారం పది రోజుల కంటే నిలవదు. మడి మొత్తం ఒకేరోజు వేస్తే అంతా ఒకేసారి చేతికొస్తుంది, ఇంట్లో తినేవాళ్ళు చాలరు, మిగిలింది పూతకు పోతుంది. పది పన్నెండు రోజులకొక సాలు చొప్పున వేసుకోండి. పూత సమస్యలో పెద్ద వాటా ఈ ఒక్క పనితోనే తగ్గిపోతుంది.

ఏ రకం

ఢిల్లీ పరిశోధన సంస్థవాళ్ళు ఇచ్చిన పూసా చేత్కి మన వేడికి తట్టుకుంటుంది, 40 నుంచి 45 రోజుల్లో వస్తుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళ అర్క నిశాంత్ 50 నుంచి 55 రోజులు తీసుకుంటుంది కానీ అంత తొందరగా పూతకు రాదు, బెండు పట్టదు, అంటే గడ్డ లోపల స్పంజిలా అవదు. మొదటిసారి వేసేవాళ్ళకు ఈ రెండింట్లో ఏదైనా చాలు. పూసా హిమానీలాంటి చలిదేశపు రకాల జోలికి పోవద్దు. ఎర్ర గుండ్రటి ముల్లంగి ముచ్చటగా ఉంటుంది, నెల రోజుల్లో వచ్చేస్తుంది, కానీ మన దగ్గర డిసెంబరు, జనవరి మొదటి వారం తప్ప దానికి కాలం లేదు.

పది గ్రాముల పొట్లంలో 800 నుంచి 1000 గింజల దాకా ఉంటాయి, ఒక ఇంటికి అదే ఎక్కువ. పొలంలో వేసేవాళ్ళకు ఎకరాకు మూడున్నర నుంచి నాలుగు కిలోలు పడుతుంది. కొనేటప్పుడు పొట్లం మీద ప్యాకింగ్ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, మొలక శాతం ఎంతో చూడండి.

మడి

గడ్డ నిటారుగా దిగాలంటే కింద అడుగు లోతు దాకా అడ్డం ఉండకూడదు. రాయి తగిలినా, గట్టి పెళ్ళ తగిలినా వేరు రెండుగా, మూడుగా చీలుతుంది.

సముద్రం వైపు ఇసుక నేలలో గడ్డ కొలిచి పోతపోసినట్టు తిన్నగా వస్తుంది. నీళ్ళూ ఎరువూ మాత్రం నిలవవు కనుక కంపోస్టు ఎక్కువ కలపాలి. అక్కడ ఇంకొక చిక్కు ఉంది, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ముల్లంగి ఓర్చుకోదు. కాలవ నీళ్ళో, పట్టుకున్న వాన నీళ్ళో ఉంటే అవే పెట్టండి. పెన్నా పక్కన ఒండ్రు నేల ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, పెద్దగా చేయాల్సిందేమీ లేదు. ఒంగోలు వైపు నల్లరేగడి తడిస్తే జిగట, ఎండితే రాయి. అక్కడ చదును మడి వద్దు, ఇసుక, చివికిన ఎరువు కలిపి అడుగు ఎత్తున బోదెలు కట్టి వాటి మీద వేయండి. ఉదయగిరి, కనిగిరి ఎర్రనేలల్లో గులకరాళ్ళు ఏరుకోక తప్పదు.

చదరపు మీటరుకు రెండు మూడు కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి చాలు. పచ్చి పేడ వేస్తే గడ్డ చీలుతుంది, వెంట్రుకల్లా పిల్లవేళ్ళు పుడతాయి. యూరియా ఎక్కువైతే ఆకు చూడముచ్చటగా ఉంటుంది, కింద చూస్తే ఎలుకతోక. గడ్డ కూరల్లో ఆకు పచ్చదనం చూసి మురిసిపోకూడదు.

మిద్దె మీద వేసేవాళ్ళు పొడవు రకాలకు కనీసం అడుగు లోతున్న బకెట్టో, గ్రో బ్యాగో తీసుకోండి. పాత పెయింటు బకెట్లకు అడుగున బెజ్జాలు పెడితే బ్రహ్మాండంగా పనికొస్తాయి.

విత్తడం, ఒత్తు తీయడం

సాలుకూ సాలుకూ మధ్య అడుగు దూరం. సాలులో రెండంగుళాలకొక గింజ, వేలి గోరు మునిగేంత లోతు. లోతు ఎక్కువైతే మొలక ఆలస్యం. మూడు నుంచి ఐదు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి.

పన్నెండు రోజులు దాటేసరికి ఒత్తు తీసేయాలి. మొక్కకూ మొక్కకూ మధ్య మూడు నాలుగంగుళాలు ఉండేలా మిగతావి పీకెయ్యండి. చేతులు రానిది ఇక్కడే. మొలిచినదాన్ని పీకడానికి మనసొప్పక అన్నింటినీ ఉంచేస్తారు. చివరికి ఏ ఒక్కటీ ఊరదు, ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి లేచి ముందే పూతకు వస్తాయి. గడ్డ రాని మడి ఎక్కడ కనిపించినా నేను మొదట అనుమానించేది విత్తనాన్నీ కాదు, ఎరువునూ కాదు, ఒత్తునే. పీకిన లేత మొక్కలు వృథా ఏమీ కావు, వేళ్ళు కోసేసి కందిపప్పులో వేస్తే ఆ పప్పు రుచే వేరు.

పీకినవాటిని ఇంకోచోట నాటుదామని మాత్రం చూడకండి. నాటిన ముల్లంగికి వేరు వంకర తిరుగుతుంది.

నీళ్ళ విషయంలో నియమం ఒక్కటే, ఎండబెట్టి ఒకేసారి ముంచకండి. అలా చేస్తే గడ్డ నిలువునా పగులుతుంది. ఇసుకలో రోజూ కొద్దికొద్దిగా, రేగడిలో నాలుగైదు రోజులకొకసారి. మూడు వారాలు దాటాక గడ్డ భుజాలు మట్టి పైకి తేలతాయి. అప్పుడు గొప్పు తవ్వి మట్టి ఎగదోయండి, లేకపోతే ఎండ తగిలి పైభాగం పచ్చబడి కారం ఎక్కుతుంది.

ఆకుల మీద సన్న బెజ్జాలు కనిపిస్తే పెంకు పురుగు, ఆకు ముడుచుకుని జిగటగా ఉంటే పేనుబంక. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఇంటి పంటకు అంతకంటే పెద్ద మందులు అక్కర్లేదు.

పీకడం

పూసా చేత్కి అయితే 40వ రోజు నుంచి ఒక్కొక్కటి పీకి చూడండి. ముందు మడి తడిపి, ఆకుల మొదలు గుప్పిట్లో పట్టి నిటారుగా లాగాలి. పీకిన వెంటనే ఆకు కోసేయండి. ఉంచితే అది గడ్డలోని నీళ్ళు లాగేస్తుంది, సాయంత్రానికి గడ్డ మెత్తబడుతుంది. పెద్దవి కావాలని ఇంకో వారం, ఇంకో వారం అంటూ ఆపితే బరువు పెరుగుతుంది కానీ తినేది తగ్గుతుంది.

కాడ లేస్తోందని ఎలా పట్టుకోవాలి

పూత ఒక్క రాత్రిలో రాదు. రోజూ ఒకసారి మొక్క నడిబొడ్డులోకి చూడండి. మామూలుగా ముల్లంగి ఆకులు నేలకు పరుచుకుని ఉంటాయి. కాడ లేవబోయే ముందు నడిమి ఆకులు సన్నబడి, కొనదేరి, నిటారుగా నిలబడతాయి. వాటిని వేళ్ళతో పక్కకు తీసి చూస్తే మధ్యలో ఆవగింజంత మొగ్గల గుత్తి, దాని కింద ఇంకా లేతగా ఉన్న కాడ కనిపిస్తాయి. అప్పటికి కాడ రెండంగుళాలు కూడా ఉండదు. పట్టుకోవాల్సింది ఈ దశలోనే.

ఎందుకు వస్తుందంటే, చలి తగిలిన మొక్కకు ఆ తర్వాత పగటి పొద్దు పెరుగుతూ ఎండ ముదిరితే ఇక గింజ కట్టుకోవాల్సిన వేళయిందని తెలుస్తుంది. నెల్లూరులో డిసెంబరు చివర పగలు 11 గంటల 20 నిమిషాల దరిదాపుల్లో ఉంటుంది, ఉగాదికల్లా 12 గంటలు దాటుతుంది. దీనికి నీళ్ళ ఎద్దడో, ఒత్తో తోడైతే ఇంకా ముందే వస్తుంది. కాడ లేవగానే గడ్డలో దాచుకున్నదంతా పైకి పోతుంది. లోపల స్పంజిలా తెల్లగా బెండు పడుతుంది, ఒక్కోసారి డొల్ల కూడా అవుతుంది. చేతిలోకి తీసుకుంటే చూపుకు ఉన్నంత బరువు ఉండదు.

కాడ తుంచేస్తే గడ్డ మళ్ళీ ఊరుతుందని చాలామంది అనుకుంటారు. ఊరదు. ఒక కాడ తుంచితే ఆకు మొదళ్ళ నుంచి మూడు లేస్తాయి.

అప్పుడు చేయాల్సిన పని ఇలా ఉంటుంది. మొక్కల్లో ఒకదాన్ని పీకి అడ్డంగా కోయండి. కాడ జానెడు లోపు ఉండి, కోసిన ముక్క ఇంకా గాజులా నీరు పట్టి ఉంటే ఆ సాలు మొత్తం ఆ రోజే పీకెయ్యండి. చెక్కు కాస్త మందంగా తీసి సాంబారులోకో, పప్పుపులుసులోకో వాడుకోవచ్చు. ముక్క తెల్లగా ఎండినట్టు, మధ్యలో బెజ్జాలతో ఉంటే ఇక గడ్డను మరిచిపోండి. అంతమాత్రాన మొక్కను పారేయకండి, దాని మీద ఇంకా రెండు వారాల కూర ఉంది.

ముల్లంగి కాయలు

మనవాళ్ళు పెద్దగా పట్టించుకోరు కానీ, ఉత్తరాదిలో ముల్లంగి కాయలు బజారులో కూరగాయగా అమ్ముతారు. మోగ్రీ, సెంగ్రీ అంటారు. గడ్డతో పనిలేకుండా ఒట్టి కాయల కోసమే పెంచే రకం కూడా ఒకటుంది, దాని కాయలు పొడుగ్గా తోకల్లా వేలాడతాయి. మన తెల్ల ముల్లంగి కాయ దానికంటే పొట్టి, లావు. రుచికి మాత్రం లోటు లేదు, గడ్డలోని ఘాటే ఇందులో కాస్త తేలికగా ఉంటుంది.

కాయల కోసం ఉంచుకునేటట్టయితే, మొక్క మూడు నాలుగు అడుగులు లేస్తుంది కనుక పక్కన కర్ర పాతి నూలు తాడుతో వదులుగా కట్టండి. నీళ్ళు ఆపకండి. పూలు తెల్లగానో, లేత ఊదాగానో నాలుగు రేకులతో పూస్తాయి. తేనెటీగలు పొద్దున్నే వాలతాయి. పూత ఉన్నన్నాళ్ళూ ఏ మందూ కొట్టొద్దు. వేపనూనె కూడా తప్పదనుకుంటేనే, ఈగలు వెళ్ళిపోయాక సాయంత్రం. పేనుబంక మొదట లేత కొసలకే పడుతుంది, ఆ కొస ఒక్కటి తుంచి సబ్బు నీళ్ళలో పడేస్తే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది.

కాయ పెన్సిలంత లావు కాకముందే కోయాలి. గుర్తేమిటంటే, గోటితో గిల్లితే పటుక్కున విరగాలి. వంగి, నార సాగితే ముదిరినట్టే. రోజు విడిచి రోజు కోస్తుంటే కొత్త పూత వస్తూనే ఉంటుంది. ముదిరినవి నాలుగు చెట్టు మీద వదిలేస్తే మొక్క ఇక గింజ పనిలో పడి, కాత తగ్గిస్తుంది.

వండడానికి సులువైనది వేపుడు. కాయలు కడిగి తొడిమలు, ముక్కు కొసలు తీసి అంగుళం ముక్కలు చేయండి. మూకుడులో నూనె వేసి శనగపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేగాక ముక్కలు వేసి, మూత పెట్టకుండా మధ్యస్థంగా మంట పెట్టి వేయించండి. మూత పెడితే ముల్లంగి వాసన అందులోనే ఉండిపోతుంది, పిల్లలు ముట్టరు. పచ్చిదనం పోయి అంచులు కాస్త ముడతలు పడ్డాక ఉప్పు, చివర్లో వెల్లుల్లి కారం చల్లి దించేయడమే. మజ్జిగ అన్నంలోకి నంజుకుంటే భలే ఉంటుంది. కాస్త ఎక్కువ కోశారనుకోండి, చింతపండు వేసి గోరుచిక్కుడు పులుసు పెట్టినట్టే పెట్టుకోవచ్చు. మొగ్గలు, లేత కొస ఆకులు పప్పులో వేయొచ్చు. కింది ముదురు ఆకుల్లో మాత్రం నూగు, చేదు ఎక్కువ, అవి పశువులకో, కంపోస్టుకో.

విత్తనం కట్టుకోవాలంటే

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మడిలో అన్నింటికంటే ముందు పూతకొచ్చిన మొక్క విత్తనం ఎప్పుడూ కట్టొద్దు. చాలామంది చేసేది సరిగ్గా అదే. ఎలాగూ పూసింది కదా, గింజలు పట్టుకుందాం అనుకుంటారు. ఆ గింజల్లోనూ తొందరగా పూసే గుణమే దిగుతుంది. రెండు మూడేళ్ళు ఇలా చేస్తే మీ విత్తనం గడ్డ ఊరకముందే కాడ వేసేదిగా తయారవుతుంది. ముందు పూసినవాటిని కాయలకు తినండి. విత్తనం, ఆలస్యంగా పూసే మొక్కకే.

పద్ధతి ఇది. గడ్డ పీకే వయసుకు వచ్చినప్పుడు, ఇంకా ఒక్క కాడ కూడా లేవని మొక్కలు పీకి, నిటారుగా, నున్నగా, చీలిక లేకుండా ఉన్నవి పదింటిని ఏరండి. గడ్డ కింది భాగం మూడో వంతు కోసి వంటకు తీసుకోండి. కోసిన చోట బెండు కనిపిస్తే ఆ గడ్డ పనికిరాదు. ఆకులు నాలుగు వేళ్ళ పొడవు ఉంచి పైన కోసేయండి. మిగిలిన గడ్డను భుజాల దాకా మట్టిలో కప్పి, అడుగున్నర దూరంలో నాటి నీళ్ళు పెట్టండి. పది రోజుల్లో చిగురు వస్తుంది, ఆ తర్వాత కాడ. లేత మొక్కను నాటొద్దన్నాను కదా, ఇది వేరే సంగతి. ఇక్కడ మనకు కావాల్సింది గింజే, వేరు ఎలా తిరిగినా నష్టం లేదు.

పది ఎందుకంటే, ముల్లంగి పువ్వు తన మొక్క పుప్పొడితో సరిగా గింజ కట్టదు, ఇంకో మొక్క పుప్పొడిని తేనెటీగ మోసుకురావాలి. ఒంటరి మొక్క ఎంత పూసినా కాయలు చాలావరకు తాలుగానే ఉంటాయి. ఇదే కారణంగా పక్కింటి ఎర్ర ముల్లంగి మీ తెల్ల ముల్లంగితో కలిసిపోతుంది. అమ్మకానికి విత్తనం కట్టేవాళ్ళు రెండు రకాల మధ్య కిలోమీటరు, అంతకు పైనే దూరం పాటిస్తారు. ఇంట్లో మనం చేయగలిగింది, ఆ సీజనులో ఒకే రకాన్ని పూతకు వదలడం. దగ్గర్లో ఆవాలు వేశారని టెన్షన్ అక్కర్లేదు, రెండూ మామూలుగా కలవవు. హైబ్రిడ్ పొట్లం నుంచి వేసినవాటికి విత్తనం కట్టడం దండగ, తల్లిలాంటి గడ్డ రాదు.

జనవరిలో నాటినవి మార్చి, ఏప్రిల్‌లలో ఎండుతాయి. ఈ విషయంలో మన ఎండలు మనకు కలిసొచ్చినట్టే, ఆ రోజుల్లో వాన భయం తక్కువ. కాయలు గడ్డి రంగుకు తిరిగాక నీళ్ళు ఆపి, కొమ్మలతో సహా కోసి గోనెపట్టా మీద నాలుగైదు రోజులు ఆరబెట్టండి. ఆవాల కాయలా ఇది దానంతటది పగలదు. తొక్క బెండులా మందంగా ఉంటుంది. బాగా ఎండాక మధ్యాహ్నం ఎండలో గోనెసంచిలో వేసి కర్రతో కొట్టి, చేటతో చెరగాలి. సాయంత్రం చల్లబడ్డాక కొడితే తొక్క మెత్తబడి గింజ ఊడదు. గింజలు ఎర్రటి గోధుమ రంగులో ఉంటాయి. పంటి కింద పెడితే నలగకుండా టక్కుమని విరిగాయంటే ఆరినట్టు.

గాజు సీసాలో పోసి, గుడ్డలో కట్టిన కాస్త బూడిద పైన పెట్టి మూత బిగించండి. రకం పేరు, సంవత్సరం రాసి అంటించండి. చల్లగా పొడిగా ఉన్నచోట మూడు నాలుగేళ్ళు మొలకశక్తి ఉంటుంది. సముద్రపు తేమలో అన్నాళ్ళు నమ్మకూడదు, మరుసటి ఏడాదే వాడేయండి. వేసే ముందు ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి ఐదు రోజులు ఉంచి, పదహారుకు పైగా మొలిస్తే మామూలుగా వేయండి. తక్కువైతే కాస్త ఒత్తుగా.

కొమ్మలు కోసేసిన మడిలో వెంటనే ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవాలు వేయకండి, అన్నీ ఒకే కుటుంబం, పురుగులూ అవే. ఏప్రిల్ ఎండకు నీళ్ళు అందేటట్టుంటే గోంగూరో, అలసందో వేయండి. అందకపోతే ఎండిన కాడలు ముక్కలుగా నరికి మడి మీదే పరిచి, వానలు పడేదాకా వదిలేయండి.